8 జీబీ పక్కన 16 జీబీ ర్యామ్ వేస్తే డ్యూయల్ చానెల్ వస్తుందా?

తెనాలి ఆల్బమ్స్:
పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ ఇంటెల్ ఐ5-1135జీ7, ర్యామ్ 8 జీబీ. ఫొటోషాప్‌లో 12×36 షీట్లు ఓ నాలుగు తెరిస్తే మౌస్ కూడా కదలదు. ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది. టాస్క్ మేనేజర్‌లో డీడీఆర్4 రకం, 3200 స్పీడు, సోడిమ్ (ల్యాప్‌టాప్ సైజు ర్యామ్), రెండు స్లాట్లలో ఒకటే వాడుకలో ఉందని చూపిస్తోంది. ఖాళీ దాంట్లో 16 వేసి డ్యూయల్ చానెల్, అంటే రెండు ర్యామ్‌లూ ఒకేసారి డేటా పంపేలా చేద్దామంటే, షాపాయన "ఒకే కంపెనీ, ఒకే సైజు కాకపోతే డ్యూయల్ చానెల్ రాదు, పాతది ఇచ్చేసి రెండూ కొత్తవి తీసుకో" అంటున్నాడు. నిజమేనా అన్నా?

సర్వీస్ బెంచ్:
పాతది ఇవ్వకు తమ్ముడూ. రోజూ ఇదే పని నాది. ఇంటెల్‌లో ఫ్లెక్స్ మోడ్ ఉంటుంది. 8, 16 కలిపి వేస్తే రెండిట్లోంచీ 8 చొప్పున మొత్తం 16 జీబీ డ్యూయల్ చానెల్‌లో నడుస్తుంది, మిగిలిన 8 సింగిల్‌లో. కంపెనీ వేరైనా మామూలుగా పనిచేస్తుంది. అయినా పడకపోతే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకో. నీకు అసలు కావాల్సింది ఆ 24 జీబీ. ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ డిస్క్ మీద రాసుకుంటూ కూర్చుంటుంది, మౌస్ ఆగిపోయేది అందుకే. 3200దే కొను. 2666 వేస్తే పాతది కూడా ఆ స్పీడుకే దిగుతుంది. డీడీఆర్5 అయితే గాడి వేరే చోట ఉంటుంది, స్లాట్‌లో దిగనే దిగదు.

గుంటూరు గేమర్:
డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ పేరు చూడండి. ఈ ప్రాసెసర్‌లో ఒక్క చానెలే ఉంటే యూహెచ్‌డీ అని, రెండూ ఉంటే ఐరిస్ ఎక్స్‌ఈ అని వస్తుంది. ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4 3200లో ఒక చానెల్‌లో సెకనుకు 25.6 జీబీ డేటా వెళ్లగలదు, రెండిటికీ కలిపి 51.2.

తెనాలి ఆల్బమ్స్:
అవునండీ, యూహెచ్‌డీ అనే ఉంది! 16 జీబీ 3200 తెచ్చేశాను. ఇంట్లోనే వేసుకోవచ్చా?

సర్వీస్ బెంచ్:
వేసుకోవచ్చు. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, మూత విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయి. వైర్లు పట్టి లాగకు. ర్యామ్‌ని అంచులు పట్టుకో, బంగారు రంగు పిన్నుల మీద వేలు పెట్టకు. గాడి సరిచూసి ఏటవాలుగా లోపలికి పూర్తిగా తోసి, ఆ తర్వాత కిందికి నొక్కు. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడాలి. ఒకవైపే పడితే తీసి మళ్లీ పెట్టు, బలవంతం చేయకు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండొచ్చు. కొత్త ర్యామ్‌ని సరిచూసుకుంటోందన్నమాట, కంగారుపడి పవర్ బటన్ నొక్కకు.

తర్వాత సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో మెమరీ ట్యాబ్ చూడు. డ్యూయల్ అనో, 2×64 బిట్ అనో ఉండాలి. ఫ్రీక్వెన్సీ 1600 దగ్గర కనిపిస్తే మోసపోయానని అనుకోకు. డీడీఆర్ ఒక్కో క్లాక్‌కి రెండుసార్లు డేటా పంపుతుంది, అదే 3200. కస్టమర్ల ఫైళ్లు తెరవకముందే ఒక రాత్రి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ నడిపించు. ఒక్క ఎర్రర్ వచ్చినా బిల్లు పట్టుకెళ్లి మార్చుకో. చెడ్డ ర్యామ్‌తో సేవ్ చేస్తే ఫైళ్లే పాడవుతాయి.