సమస్య: "బంతి పరుల కిచ్చి పరువు పొందె"

నిర్వాహకుడు:
ఆట మీద సమస్య కాబట్టి ఈ వారం ఆటవెలదే. నాలుగో పాదం ఇస్తున్నాను, మిగతా మూడూ మీవి.

బంతి పరుల కిచ్చి పరువు పొందె

ఒక్క షరతు. పోయినసారి బంతి అనగానే సగంమంది కృష్ణుడితో పాటు యమునలో దూకారు. ఈసారి ఆ దారి మూసేశాను. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో పంటర్ మీదే రాయాలి. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: నాలుగు అవకాశాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి. మూడు అయిపోయినా పని కాకపోతే, నాలుగోదాంట్లో పంటర్ వచ్చి బంతిని అవతలివాళ్ళకి వీలైనంత దూరంలో పడేట్టు తన్నేస్తాడు. ఆ తన్నే పంటు. అంటే అతను మైదానంలోకి వచ్చేది సొంత జట్టు చేతులెత్తేసినప్పుడే. అలాంటివాడికి పరువెలా వచ్చింది? అదే మీరు చెప్పాలి.

డాలస్ బాబాయి:
బోణీ నాది.

నాల్గు యత్నములును నడువక పోవఁగఁ
బాదమెత్తి తన్నెఁ బంటరొకఁడు;
శత్రు మూల కేగి చతికిలఁ బడినట్టి
బంతి పరుల కిచ్చి పరువు పొందె.

నిర్వాహకుడు:
నడక బాగుంది బాబాయ్, 'చతికిలఁ బడినట్టి బంతి' నవ్వించింది. రెండు పట్టింపులు. ఒకటి, నాలుగు యత్నాలూ అయిపోతే ఇక పంటర్‌తో పనేముంది, బంతి ఉన్నచోటే అవతలివాళ్ళది అయిపోతుంది. మూడే అవ్వాలి. 'మూడు యత్నములును ముడుచుకు పోవఁగ' అంటే యతీ నిలుస్తుంది, ఆటా నిలుస్తుంది. రెండోది, 'శత్రు మూల'. శత్రు సంస్కృతం, మూల తెలుగు, కలిపితే వైరిసమాసం. సంస్కృతం మూల అనుకుంటే వేరు అనే అర్థం వచ్చి కొంప మునుగుతుంది. 'సరిగ మూల కేగి' అనండి, స-చ యతి చెల్లుతుంది.

డాలస్ బాబాయి:
ఇరవయ్యేళ్ళుగా టీవీలో ఈ ఆట చూస్తున్నాను, లెక్క తప్పాను. సవరించుకుంటా.

కొత్తకలం:
అందరికీ నమస్కారం. నాకు ఇది మూడో పద్యం, తిట్టకండి. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి వచ్చి అయోవా విశ్వవిద్యాలయానికి పంటర్‌గా ఆడిన టోరీ టేలర్ మీద రాశాను.

మెల్బనూరు వీడి మేటి తన్నులతోడ
నయొవ జొన్న చేల నడుగు పెట్టి
టోరి టైలరచట తోడు లేకున్నను
బంతి పరుల కిచ్చి పరువు పొందె.

నిర్వాహకుడు:
తిట్టడం దేనికమ్మా, మొదటి రెండు పాదాలకి నేనే అసూయపడ్డాను. 'మెల్బనూరు' భలే కుదిరింది, అక్కడివాళ్ళు పలికేదీ దాదాపు 'మెల్బన్' అనే. మూడో పాదంలో మాత్రం యతి పోయింది. 'టో'కి 'తో' చెల్లదు, ట-ఠ-డ-ఢలు ఒక గుంపు, త-థ-ద-ధలు ఇంకో గుంపు. 'టోరి టైలరచట డొల్ల జట్టును మోసి' అని చూడండి.

హాకై అల్లుడు:
ఆగండి మాష్టారూ! డొల్ల జట్టా? నేను అయోవా సిటీలో ఎం.ఎస్. చేసినవాణ్ణి, ఈ మాట అక్కడ అంటే అద్దెకి ఇల్లు కూడా దొరకదు. డొల్ల ఏదన్నా ఉంటే దాడి, డిఫెన్స్ ఉక్కు. 2023లో దాడిలో సంపాదించిన గజాల్లో దేశంలో అట్టడుగున ఉన్న ఆ జట్టు పది ఆటలు గెలిచి నాలుగే ఓడింది. ఎలా అంటారు? ఆ డిఫెన్సూ, ఈ పంటరూ.

మా స్టేడియం పేరు కిన్నిక్. ఎక్కడైనా నాలుగో అవకాశం వచ్చిందంటే సొంత జనం నీరుగారిపోతారు. మావాళ్ళు టేలర్ నడిచొస్తుంటే చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పక్కనున్న పెద్దాయన్ని, మనం ఓడిపోతున్నామా, గెలుస్తున్నామా అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు, బైనాక్యులర్స్ నా చేతికిచ్చాడు. అప్పుడు చూశాను. అతను బంతిని పైకి ఎగరేయడు. ముక్కు కిందికి ఉండేట్టు పట్టుకుని, కింద చెయ్యి తీసేస్తాడంతే. పాదం ఆ కింది మొన దగ్గర తగులుతుంది, బంతి గింగిరాలు వెనక్కి తిరుగుతూ పోతుంది. నేలకి తాకాక ఇంకా ముందుకి దొర్లకుండా బ్రేకు వేసినట్టు ఆగుతుంది, ఒక్కోసారి మనవైపే వస్తుంది. అదే గీత దాటి ఎండ్ జోన్‌లోకి, అంటే మైదానం చివరి పట్టీలోకి పోతే, అవతలివాళ్ళకి తమ గీత నుంచి 20 గజాల దగ్గర హాయిగా మొదలు. ఐదు గజాల దగ్గర ఆగితే వాళ్ళ వీపు గోడకి ఆనినట్టే. ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో పిల్లలు నేర్చుకునే తన్నే అది. అందుకే అక్కడి కుర్రాళ్ళు ఇక్కడి కాలేజీలకి వరసగా వస్తున్నారు.

ఇంకోటి. 'పంటింగ్ ఈజ్ విన్నింగ్' అని అతని మీద టీషర్టులు వేశారు, బాగా అమ్ముడయ్యాయి. మిగతా ఆటగాళ్ళు పేరు అమ్ముకుని సంపాదించుకోవచ్చు, ఇతనిది మాత్రం విద్యార్థి వీసా, ఆ సంపాదనకి ఒప్పుకోదు. డబ్బులు ధర్మకార్యానికి ఇచ్చేశాడు. క్యాంపస్‌లో గంటల లెక్కన పని చేసి బతికిన మనవాళ్ళకి ఆ వీసా బాధ వేరే చెప్పాలా!

నిర్వాహకుడు:
డొల్ల మాట వెనక్కి తీసుకోను, యతి కోసం అవసరం. మీకోసం 'జట్టు' అంటే దాడి అని టీక రాసుకుంటాను.

సీమ అక్క:
హాకై తమ్ముడూ, నీ పద్యమేదీ? వ్యాసం రాస్తే పూరణం కాదు. ఇదిగో నాది.

పరుగు సాగలేదు, పాసు చేరగ లేదు,
పంట లేని చోట పంటె పంట;
తొంబదియును మూడు తూరులు తన్నుచు
బంతి పరుల కిచ్చి పరువు పొందె.

డాలస్ బాబాయి:
అద్దిరింది! పంటు, పంట! అదీ మొక్కజొన్న రాష్ట్రంలో!

హాకై అల్లుడు:
లెక్క కూడా సరిగ్గా సరిపోయిందక్కా. 2023లో అతను తన్నినవి 93, మొత్తం 4,479 గజాలు. ఒక సీజన్‌లో అంతకు ముందున్న రికార్డు 1938 నాటిది, మిషిగన్ స్టేట్‌లో జానీ పింగెల్‌ది, 4,138 గజాలు. ఎనభై అయిదేళ్ళు ఎవరికీ అందలేదు.

నిర్వాహకుడు:
'తూరులు' సీమ మాట, ఉంచండి, అందం అదే. కానీ రెండో పాదంలో మీరొక నిధి వదిలేశారు. 'చోటన్' ద్రుతాంతం కదా, సరళాదేశం చేయండి: 'పంట లేని చోటఁ బంటె పంట'. ఇప్పుడు పంటూ ఉంది, బంటూ ఉన్నాడు. పంట లేనిచోట ఆ బంటే పంట! వ్యాకరణం పాటిస్తే శ్లేష ఉచితం.

సీమ అక్క:
అయ్యో, అది నేను కావాలనే చేశానని చెప్పుకోవచ్చా?

డాలస్ బాబాయి:
టేలర్ గెలిచిన మేటి కాలేజీ పంటర్ అవార్డు పాతకాలపు పంటర్ రే గై పేరు మీద కదా, ఆయన్ని తలవకపోతే తప్పు.

సూపరుడొము తెరకు సూటిగాఁ దగిలించి
గగన సీమ నూపె గైయె నాఁడు;
ఇరువదియును మూట నెంపికై తొలిసారి
బంతి పరుల కిచ్చి పరువు పొందె.

నిర్వాహకుడు:
గణాలు సరే. వాక్యాంతం కనుక విసంధి సరిపెట్టుకుందాం. కథే తలకిందులైంది. సదరన్ మిసిసిపీలో ఆడి, 1973లో వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునేటప్పుడు ఓక్లాండ్ రైడర్స్‌కి 23వ వాడుగా, అదీ తొలి రౌండ్‌లోనే ఎంపికయ్యాడు. పంటర్‌గా అలా ఎవరూ అంతకు ముందు వెళ్ళలేదు. న్యూ ఆర్లియన్స్ సూపర్‌డోమ్ స్టేడియంలో పైన వేలాడే తెరకి బంతి తగిలింది 1976లో. ముందు ఎంపిక, తర్వాత తెర. పైగా 'తొలిసారి' అంటే మొదటిసారి ఎంపికయ్యాడనే తోస్తుంది, తొలి పంటర్ అని కాదు.

ఇక నా పూరణం. 2022 సెప్టెంబరులో అయోవా సౌత్ డకోటా స్టేట్‌ని 7-3తో గెలిచింది. ఒక్క టచ్‌డౌన్ లేదు, అంటే బంతితో అవతలివాళ్ళ గీత దాటిందే లేదు. బంతిని గోల్ కర్రల మధ్యకి తన్నిన ఒక ఫీల్డ్ గోల్‌కి మూడు పాయింట్లు, రెండు సేఫ్టీలకి రెండేసి. సేఫ్టీ అంటే అవతలివాణ్ణి వాడి సొంత గీత వెనకాలే పడగొట్టడం. వాణ్ణి ఆ మూలకి తోసిందెవరో చెప్పక్కర్లేదు.

ఏడు మూడు గెలుపె యెటువంటి గెలుపయ్య?
గీటు దాటలేదు, గెలిచినారు!
వెనుక నెట్టి నెట్టి విసిగించె శత్రుల
బంతి పరుల కిచ్చి పరువు పొందె.

కొత్తకలం:
మాష్టారూ, తప్పయితే క్షమించండి. బాబాయిగారి 'శత్రు' దగ్గర మీరు చెప్పాక నిఘంటువు తీశాను. అందులో 'శత్రువు' అని ఉంది. అప్పుడు మీ 'శత్రుల' 'శత్రువుల' కావాలి కదా? అలా చేస్తే గణం చెడుతోంది.

డాలస్ బాబాయి:
హహ్హహ్హ! నాలుగో అవకాశం వచ్చింది మాష్టారూ, పంట్ చేస్తారా?

నిర్వాహకుడు:
కవి ప్రయోగాలున్నాయని వాదించవచ్చు. వాదించను, దొరికిపోయాను. 'వెనుక నెట్టి నెట్టి విసిగించె నెదిరిని'. గణం చూసి చెప్పమ్మా.

కొత్తకలం:
సల గణం, తర్వాత నల గణం. యతి వె-వి. సరిపోయింది మాష్టారూ.