గోదావరి రేవులో పడవ వదిలి వెళ్లాలి, ఎట్లా కట్టాలి?

అన్నా, మాది మంగపేట వైపు. చెల్లె పెళ్లి పనుల మీద వారం పైనే వరంగల్‌లో ఉండాలి, చేపల పడవేమో రేవులోనే ఉంటుంది, చూసేవాళ్లు లేరు. అసలే వానాకాలం, 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది కదా, అందుకే టెన్షన్. తాడు బిగించి కడితే నీళ్లు పెరిగినప్పుడు పడవను కిందికి లాగి ముంచుతుంది, వదులుగా కడితే ప్రవాహానికి ఊగి రాళ్లకు కొట్టుకుంటుంది. ముందూ వెనకా రెండు నైలాన్ తాళ్లు కట్టి, చెట్టుకు రాసుకునే చోట పాత ట్యూబు ముక్క చుడదామనుకుంటున్నా. మోటారు ఎట్లాగూ విప్పి ఇంట్లో పెడతాను. కానీ తాడు ఎంత వదలాలి? లంగరు కూడా వేయాలా? టార్పాలిన్ కప్పితే గాలి పట్టి లాగుతుందా, లేక నలుగురిని పిలిచి గట్టు మీదికి ఎక్కించి బోర్లించడమే మంచిదా? తెలిసినవాళ్లు తొందరగా చెప్పండి, మా ఇల్లు నడిచేదే దాని మీద.