60 మి.మీ. లేపాక బండి తిన్నగా పోవట్లేదు, 65 దాటితే వణుకు. ఏది ముందు పట్టుకోవాలి?

మట్టిరోడ్డు:

అన్నలూ, పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

బండి ఎత్తు పెంచే కిట్ వేశా. ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు, రెండు రేడియస్ ఆర్ములు (యాక్సిల్‌ని చాసిస్‌కి కలిపే పొడుగు కడ్డీలు), ఒక పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరక్కుండా చాసిస్‌కి పట్టి ఉంచే అడ్డ కడ్డీ). వెనక కమాన్ పట్టీలు. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, ముందు హబ్ లాకులు (ముందు చక్రాలని యాక్సిల్‌కి కలిపేవి, విడదీసేవి) చేత్తో తిప్పేవి. క్రౌన్ పినియన్ 3.73 (యాక్సిల్‌కి శక్తి తెచ్చే షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు). కిట్ డబ్బా మీద 75 మి.మీ. అనుంది కానీ ముందు వించ్ బరువుకి కూర్చుని, కొలిస్తే 60 తేలింది. వెనక కొత్త పట్టీలు, వాటికి తోడు 50 మి.మీ. ఎక్కువ పొడుగున్న షాకిళ్లు (పట్టీ వెనక కొసని చాసిస్‌కి వేలాడదీసే లింకులు) వేశా. అక్కడా మొత్తం 60. టైర్లు 215/75 ఆర్15 తీసేసి 31 అంగుళాలవి.

నేనూ మా తమ్ముడూ రెండు రోజులు బండి కింద పడుకుని బిగించాం. జాకీ దింపి దూరంగా నిలబడి చూస్తే ఏం ఠీవి! ఆ సంబరం మొదటి మలుపు దాకానే.

ముందు స్టీరింగ్ సంగతి. మంచి రోడ్డు మీద కూడా బండి దాని ఇష్టం దానిదే. కొంచెం ఎడమకి తిప్పితే ఎడమకే పోతానంటుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు, నేనే లాక్కురావాలి. పైగా బండి తిన్నగా పోతున్నప్పుడు వీలు పక్కకి వాలి ఉంటుంది. ముందు టైర్లలో కుడిది ఎడమదానికంటే 15 మి.మీ. బయటికి కనిపిస్తోంది.

వణుకు మీటరులో 65 నుంచి 80 మధ్య. సీటు కింద ఎవరో రుబ్బురోలు తిప్పుతున్నట్టు ఉంటుంది. యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతుంది, వదిలితే ఇట్టే పోతుంది.

అసలు భయపెట్టింది వేరే. 70లో వంతెన మీద జాయింట్ దాటగానే ముందు భాగమంతా పూనకం వచ్చినట్టు ఊగిపోయింది. స్టీరింగ్ చేతుల్లో నిలవలేదు, బొటనవేలు బెణికింది. వేగం 30కి దిగాక గానీ ఆగలేదు. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుల్ని మింగే గొట్టం) వేయించా. రెండు వారాలు బాగుంది, మళ్లీ అదే వంతెన, అదే పూనకం.

అలైన్‌మెంట్ చేసినతను టో (టైర్లు లోపలికో బయటికో చూసే కోణం) సరిచేసి, 'లేపిన బండి ఇంతే సార్' అని పంపేశాడు. కాగితంలో కాస్టర్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలిన కోణం) మైనస్ 0.5 డిగ్రీలు. లేపకముందు కాగితంలో ప్లస్ 3.5. ఇదేనా మొత్తానికి కారణం? డబ్బులన్నీ ఒకేసారి పెట్టలేను, ఏది ముందో చెప్పండి.

గ్రీజుచేతులు:

కాస్టర్ కారణమే, కానీ మొత్తానికి కాదు. మీరు చెప్పినవి మూడు జబ్బులు, కలిపి చూడకండి.

రేడియస్ ఆర్మ్ బండిలో ఆర్ము యాక్సిల్‌కి గట్టిగా బిగించి ఉంటుంది. చాసిస్ పైకి లేస్తే ఆర్ము వాలుతుంది, దాంతోపాటు యాక్సిల్ కూడా తిరుగుతుంది. బోల్టు నుంచి బోల్టుకి ఆర్ము పొడవు కొలవండి. సుమారు 850 ఉంటే, 60ని 850తో భాగించి డిగ్రీల్లోకి మారిస్తే 4. మీ కాగితం కూడా అదే చెబుతోంది, 3.5 నుంచి మైనస్ 0.5కి సరిగ్గా 4 డిగ్రీలు. చక్రాన్ని తిన్నగా వెనక్కి లాగే గుణం కాస్టర్‌దే కాబట్టి మీ స్టీరింగ్ వెనక్కి రాకపోవడంలో వింతేం లేదు.

ఆర్ము బుష్షుల (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగుల) స్థానంలో రంధ్రం పక్కకి ఉండే ఆఫ్‌సెట్ బుష్షులు వేస్తే 2 నుంచి 3 డిగ్రీలు తిరిగొస్తాయి. మొత్తం 4 కావాలంటే ఆర్ము వెనక చివర చాసిస్ దగ్గర డ్రాప్ బ్రాకెట్లు (ఆర్ము కొసని కిందికి దింపేవి) వేయాలి. అవి రాళ్లకి తగులుతాయని చాలామంది తిడతారు, నిజమే. అయినా నేను అవే వేస్తా. బుష్షుల రబ్బరు పలచన, రాళ్లలో తిరిగే బండికి తొందరగా చిరుగుతుంది.

ఇంకో మాట, దీని గురించి జనం అనవసరంగా భయపడతారు. కాస్టర్ సరిచేస్తే ముందు పినియన్ ముక్కు (యాక్సిల్‌లో షాఫ్ట్ వచ్చి కలిసే కొస) కిందికి దిగి షాఫ్ట్ కోణం చెడిపోతుందంటారు. ముందు షాఫ్ట్‌కి డబల్ కార్డాన్ జాయింట్ (పక్కపక్కనే రెండు క్రాసులున్నది) ఉంటే ఆ మాట నిజం, ఎందుకంటే పినియన్ షాఫ్ట్ వైపు తిన్నగా చూడాలి. రెండు చివరలా మామూలు క్రాసులే (షాఫ్ట్ వంగి తిరగనిచ్చే జాయింట్లు) ఉంటే లెక్క తిరగబడుతుంది. పినియన్, ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందుకీ వెనక్కీ పంచే గేరు డబ్బా) సమాంతరంగా ఉంటేనే రెండు క్రాసులూ ఒకదాని తప్పు ఒకటి కొట్టేస్తాయి. కాస్టర్‌ని పాత అంకెకి తెస్తే యాక్సిల్ పాత వాలుకి వస్తుంది, కోణాలు పెద్దవైనా సమానంగా ఉంటాయి. మీది ఏదో చూసి చెప్పండి.

కుడి టైరు బయటికి రావడం పాన్‌హార్డ్ వల్ల. చాసిస్ వైపు బోల్టు కుడి పక్కనుంటే, బండి లేచేకొద్దీ రాడ్డు వాలి యాక్సిల్‌ని కుడికి లాగుతుంది. 15 తేడా అంటే జరిగింది ఏడున్నరే, రెండు పక్కలా కలిసి రెట్టింపు కనిపిస్తుంది. అడ్జస్టబుల్ రాడ్ వేస్తే మధ్యకి వస్తుంది. స్టీరింగ్ వీలు వాలు దాని తర్వాత డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ) తిప్పి సరిచేసుకోవాలి. ముందే తిప్పితే ఆ పని మళ్లీ చేయాలి.

వణుకు వెనక షాఫ్ట్‌ది అనుకుంటున్నా. హబ్ లాకులు ఫ్రీలో పెట్టి నడపండి. అప్పుడు ముందు షాఫ్ట్ తిరగదు. వణుకు అలాగే ఉంటే వెనకదే.

పాతపానా:

కాస్టర్ తర్వాత సంగతి అన్నా, ముందు ప్రాణం. ఆ పూనకం ఆగేదాకా 50 దాటకండి. డ్యాంపర్ దాన్ని ఆపదు, దాస్తుంది. రెండు వారాలు బాగుందన్నారు చూడండి, ఆ రెండు వారాల్లో లూజు పెరిగింది.

ఇలా వెతకండి. బండి నేల మీదే ఉండాలి, జాకీ మీద కాదు. ఇంజన్ ఆన్‌లో, బ్రేకు వేసి, ఇంకొకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ పావు చుట్టు చకచకా ఆడించాలి. మీరు పక్క నుంచి లైటు వేసి పాన్‌హార్డ్ రెండు బోల్టులూ, డ్రాగ్ లింక్, టైరాడ్ (రెండు ముందు చక్రాలనీ కలిపే కడ్డీ) ఎండ్లు, స్టీరింగ్ బాక్సు చాసిస్‌కి బిగించే చోటు ఒక్కోటి చూడండి. టైరు కదలక ముందే ఏది కదిలితే అదే దొంగ. తర్వాత చక్రాలు లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి, కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు) బేరింగులు, హబ్ బేరింగులు చూడండి.

పాన్‌హార్డ్ బోల్టులు బిగించినప్పుడు చక్రాలు వేలాడుతున్నాయా? రబ్బరు బుష్షు బోల్టులు బండి బరువు నేల మీద పడ్డాకే బిగించాలి.

నాలుగోగేరు:

ఒక్క ప్రశ్న. వెనక యాక్సిల్ నుంచి బ్రేకు వాల్వుకి చిన్న కడ్డీ ఉందా? అది బరువు చూసి వెనక బ్రేకుల ఒత్తిడి మార్చే వాల్వు. బండి లేపితే యాక్సిల్ దూరమై, 'బండి ఖాళీగా ఉంది' అనుకుని వెనక బ్రేకులు తగ్గించేస్తుంది. కడ్డీకి బ్రాకెట్ వేసి ఆ 60 తిరిగివ్వాలి. కిట్‌తో ఇది రాదు, ఎవరూ చెప్పరు.

మట్టిరోడ్డు:

ముందుగా అందరికీ దండం. ఆదివారమంతా కిందే ఉన్నా.

పాతపానా అన్నా, దొంగ దొరికాడు. తమ్ముడు స్టీరింగ్ ఆడిస్తుంటే పాన్‌హార్డ్ చాసిస్ బ్రాకెట్ దగ్గర 'టిక్, టిక్' మని చప్పుడు. వాషర్ చుట్టూ పెయింటు పోయి నెలవంకలాగా మెరుస్తోంది. బోల్టు తీశా. బోల్టు 14 మి.మీ., రంధ్రం ఒకవైపు కొలిస్తే 14, ఇంకోవైపు కొలిస్తే 16. కోడిగుడ్డు. అవును, చక్రాలు వేలాడుతుండగానే బిగించా, అదీ చేతి అంచనాతో. తిట్టండి, పడతా.

బ్రాకెట్‌కి రెండు వైపులా మందపాటి ఇనుప ప్లేట్లు వెల్డింగ్ చేయించి, సరైన రంధ్రం వేయించి, కొత్త బోల్టు టార్క్ రెంచితో బిగించా. అడ్జస్టబుల్ రాడ్ వేశా, రెండు టైర్లూ సమానం.

బ్రేకు కడ్డీ ఉంది, నాలుగోగేరు అన్నా. వేలితో కదిపితే పూర్తిగా ఒక కొసకి పోయి ఆగి ఉంది. బ్రేకు వేసినప్పుడల్లా మూతి నేలకి ఎందుకు వంగుతోందో ఇప్పుడర్థమైంది. బ్రాకెట్ వేశా. అదే చేత్తో చూస్తే యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు ముందు బ్రేకు గొట్టం తీగలా బిగుసుకుపోతోంది. పొడుగుది తెప్పిస్తున్నా.

ముందు షాఫ్ట్‌కి రెండు చివరలా మామూలు క్రాసులే. డ్రాప్ బ్రాకెట్లు వేశాక కాస్టర్ 3.4. స్టీరింగ్ తిరిగొస్తోంది!

వణుకు మాత్రం హబ్‌లు ఫ్రీలో పెట్టినా అలాగే ఉంది. ఫోన్‌లో లెవెల్ యాప్‌తో, బండి నేల మీద ఉండగా కొలిచా. ట్రాన్స్‌ఫర్ కేసు వాలు 3 డిగ్రీలు, వెనక షాఫ్ట్ 13, వెనక పినియన్ 5.5.

గ్రీజుచేతులు:

ఇంకేం కావాలి. వెనక షాఫ్ట్ ముందు కొస క్రాసు కోణం 13లోంచి 3 తీస్తే 10, వెనక కొసది 13లోంచి 5.5 తీస్తే 7.5. రెండూ సమానం కాదు. క్రాసు వంగి తిరిగితే ఒక చుట్టులో రెండుసార్లు వేగం పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. 10 డిగ్రీలకి అటూ ఇటూ ఒకటిన్నర శాతం, 20 అయితే 6 శాతం. రెండో క్రాసు దాన్ని కొట్టేయాలి, మీ దగ్గర సగమే కొడుతోంది. రెండు కోణాల వర్గాల తేడాకి వర్గమూలం తీయండి, 6.6 వస్తుంది. 3 లోపు ఉండాలి.

నేరం షాకిళ్లది. పట్టీ వెనక కొస 50 కిందికి దిగింది. పట్టీ పొడవు 1200 అనుకుంటే, 2.4 డిగ్రీలు పినియన్ ముక్కు పైకి లేచింది. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పట్టీ మెలితిరిగి ముక్కు ఇంకా లేస్తుంది, అందుకే అప్పుడు వణుకు ఎక్కువ, వదిలితే తక్కువ.

పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య 2.5 డిగ్రీల వాలు షిమ్ములు (ఒక పక్క పలచగా, ఒక పక్క మందంగా ఉండే ముక్కలు) పెట్టండి. ఇనుపవే, అల్యూమినియం వద్దు, నలిగిపోతాయి. ముక్కు కిందికి దిగేలా పెట్టాలి, తిరగేస్తే పినియన్ వాలు 8 అవుతుంది. యూ బోల్టులు కొత్తవే వాడండి, ఒకసారి బిగించినవి సాగిపోయి ఉంటాయి. కొంత దూరం నడిపాక మళ్లీ టార్క్ చూడండి.

షాఫ్ట్ విప్పారా ఎప్పుడైనా? స్ప్లైన్ (షాఫ్ట్ రెండు ముక్కలూ ఒకదాన్లో ఒకటి దూరే పళ్ల చోటు) ఒక పన్ను పక్కకి ఎక్కినా యోకులు (క్రాసుని పట్టుకునే చెవులు) ఒకే వరసలో ఉండవు, ఇదే వణుకు.

మట్టిరోడ్డు:

విప్పా, కానీ బాణం గుర్తులు కలిపే ఎక్కించా, మళ్లీ చూశా కూడా. షిమ్ములు పెట్టాక పినియన్ 3.1. నొక్కినప్పటి వణుకు పూర్తిగా పోయింది. మీటరులో 85 దగ్గర సన్నగా ఒక రొద మిగిలింది, నొక్కినా వదిలినా ఒకటే.

పాతపానా:

మీ మీటరు అబద్ధం చెబుతోంది అన్నా. పాత టైరు 27.7 అంగుళాలు, ఇప్పుడు 31. అది 80 అంటే నిజంగా 89. ఆ రొద చెవికి మూలుగులా ఉందా, ఒంటికి ఊపులా ఉందా? నిజమైన 80లో టైరు సెకనుకి 9 చుట్లు, షాఫ్ట్ 33. టైరుదైతే ఒళ్లు ఊగుతుంది, షాఫ్ట్‌దైతే గుయ్యిమంటుంది.

మట్టిరోడ్డు:

గుయ్యిమంటోంది. షాఫ్ట్ రేపు బ్యాలెన్సింగ్‌కి ఇస్తున్నా.

పరీక్ష కోసం స్టీరింగ్ డ్యాంపర్ విప్పేశా. మొదట 40లో, తర్వాత 55లో, ఆఖర్న 70లో అదే వంతెన దాటాం. మూడుసార్లూ స్టీరింగ్ కదల్లేదు. మా తమ్ముడు మూడోసారి దాటాక కళ్లు తెరిచాడు.