రాగుల కాల్షియంతో కూడా కొవ్వు తగ్గుతుందా?

అమెరికా పోషకాహార పరిశోధకుడు జెమెల్ బృందం 2004లో వెలువరించిన 24 వారాల అధ్యయనంలో పాల్గొన్న అందరికీ రోజుకు 500 కేలరీలు తగ్గించారు. మాత్రలతో కాల్షియాన్ని 1200 మి.గ్రా. దాటించినవాళ్లకన్నా, పాలు పెరుగుల ద్వారా అంతే తీసుకున్నవాళ్లకు ఒంట్లో కొవ్వు ఎక్కువ కరిగింది. కేలరీలు తగ్గించకుండా గ్లాసుల కొద్దీ పాలు తాగితే ఒరిగేదేమీ లేదనుకోండి, అది వేరే సంగతి.

పేగుల్లో కాల్షియం కొవ్వు ఆమ్లాలతో కలిసి, కరగని సబ్బులా మారి, మలంలో కొంత కొవ్వును బయటికి పంపుతుంది. నా సందేహం ఇక్కడే. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉన్నా, గింజల్లో సహజంగా ఉండే ఫైటేట్లు, ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టేస్తాయి. మరి ఆ సబ్బు ఏర్పడుతుందా? రాగులను మొలకెత్తించి, పిండిని రాత్రంతా పులియబెట్టి అంబలి కాస్తే ఫైటేట్లు తగ్గుతాయి కదా, అది చాలా? నూనె ఉన్న కూరతో కలిపి ఆ పూటే తాగాలా? పాలు పడనివాళ్ల కోసం అడుగుతున్నాను, తెలిసినవారు చెప్పగలరు.