100 మీటర్లకే ఆయాసం, కాళ్లు మునుగుతున్నాయి: గోవా 70.3 ఈతకి 16 వారాల్లో ఏం సరిచేసుకోవాలి?

లేన్_చివర:
అందరికీ నమస్కారం. గోవా 70.3కి, అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, హాఫ్ మారథాన్ వరసగా చేసే ట్రయాథ్లాన్‌కి పేరు ఇచ్చాను. సైకిల్, పరుగు గురించి బెంగ లేదు. హాఫ్ మారథాన్ రెండు గంటల్లోపే అయిపోతుంది. ఈత మాటెత్తితేనే గుబులు. 25 మీటర్ల పూల్‌లో నాలుగు లెంగ్తులకే ఆయాసం మొదలవుతుంది. ఎలాగోలా లాక్కొస్తే 400 మీటర్లు 11 నిమిషాలు, విడిగా 200 మీటర్లు 5 నిమిషాల 10 సెకన్లు. లెంగ్తుకి 28 స్ట్రోకులు పడుతున్నాయి. కాళ్లు కిందికి దిగిపోతున్నాయని చూసినవాళ్లు చెప్పారు. ఎడమ వైపు ఊపిరి తీసుకోవడం రాదు. కుడి భుజం ముందు భాగంలో కాస్త నొప్పి ఉంది. వారానికి మూడు రోజులు, రోజుకి గంట పూల్ దొరుకుతుంది. ముందు దేన్ని పట్టుకోవాలి? దూరం పెంచాలా, టెక్నిక్ చూసుకోవాలా?

పొద్దున్నే_పూల్:
ముందు లెక్క చూద్దాం, సగం భయం దాంతోనే పోతుంది. 400 టైములోంచి 200 టైము తీసేసి రెండుతో భాగిస్తే మీ క్రిటికల్ స్విమ్ స్పీడ్ వస్తుంది. అంటే ఎక్కువసేపు నిలబెట్టగలిగే వేగం. మీది 5:50లో సగం, 100 మీటర్లకి 2:55. ఆ లెక్కన 1900 మీటర్లు 55 నిమిషాల 25 సెకన్లు. కటాఫ్, అంటే ఈత ముగించడానికి ఇచ్చే గడువు, 70 నిమిషాలు. కాబట్టి మీ సమస్య కటాఫ్ కాదు. నీళ్లలోంచి బయటపడేసరికి ఒంట్లో సత్తువంతా అయిపోయి, 90 కిలోమీటర్ల సైకిల్‌కి ఏమీ మిగలకపోవడం అసలు సమస్య.

హాఫ్ మారథాన్ పరిగెత్తేవాళ్లకి 100 మీటర్లకే ఆయాసం వచ్చిందంటే అది దమ్ము లేక కాదు. చాలామంది ముఖం నీళ్లలో ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టేస్తారు. తల తిప్పిన అరసెకనులో గాలి వదలడం, పీల్చడం రెండూ చెయ్యాలని చూస్తారు. పాత గాలి పూర్తిగా పోదు, కొత్త గాలి సరిగ్గా లోపలికి రాదు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి గాలి కావాలన్న తహతహ మొదలవుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది: ఊపిరితిత్తులు నిండుగా ఉంటే ఛాతీ పైకి తేలుతుంది, కాళ్లు దిగిపోతాయి. మీ రెండు సమస్యలకీ మూలం చాలావరకు ఇదే కావచ్చు.

రేపు పూల్‌లో దిగగానే చేతులు, కాళ్లు కదపకండి. నడుంలోతు నీళ్లలో నిలబడి మునిగి, ముక్కుతో, నోటితో మెల్లగా బుడగలు వదలండి. పైకి లేచి నోటితో ఒక్కసారి పీల్చి మళ్లీ మునగండి. మధ్యలో ఆగకుండా 20 సార్లు. తర్వాత ఈదేటప్పుడు కూడా ముఖం నీళ్లని తాకిన క్షణం నుంచి బుడగలు వస్తూనే ఉండాలి. బుడగల చప్పుడు మీకు వినపడట్లేదంటే బిగబట్టేశారని అర్థం.

పీల్చేటప్పుడు తల ఎత్తకూడదు. నడుముతోపాటు తల కూడా తిరగాలి, అంతే. ఒక గాగుల్ నీళ్లలోనే ఉండాలి, రెండోది బయట. తల ముందుకు కదిలేకొద్దీ దాని పక్కన నీటిలో చిన్న పల్లం ఏర్పడుతుంది. నోరు ఆ పల్లంలోనే తెరవాలి. రెండు గాగుల్స్‌కీ ఆకాశం కనపడుతోందంటే అవసరానికి మించి తిరిగారు.

ఇక కాళ్లు. చూపు పూల్ అడుగు మీద, మీకన్నా ఓ మీటరు ముందున్న టైల్ మీద ఉంచండి. ఎదుటి గోడని చూస్తే తల లేచి తుంటి దిగిపోతుంది. కిక్ తుంటి దగ్గర మొదలవ్వాలి, మోకాలు కొద్దిగానే వంగాలి. సైకిల్, పరుగు చేసేవాళ్లు అలవాటుకొద్దీ మోకాలు బాగా మడిచి తంతారు. అప్పుడు తొడ నీటికి అడ్డుగోడలా నిలబడుతుంది. పైగా చీలమండలు బిగుసుకుపోయి పాదం కొక్కెంలా వంగి మిమ్మల్ని వెనక్కి లాగుతుంది. దీనికి రోజూ రెండు నిమిషాలు వజ్రాసనంలో కూర్చోండి, పాదాల పైభాగం నేలకి ఆనాలి. పూల్‌లో పాదాలకి తొడిగే పొట్టి రబ్బరు ఫిన్స్ వేసుకుని 6-1-6 డ్రిల్ చెయ్యండి: ఒక చెయ్యి ముందుకి చాపి పక్కకి తిరిగి ఆరు కిక్కులు, ఒక స్ట్రోక్, రెండో పక్కన ఆరు కిక్కులు. ఎడమ వైపు ఊపిరి కూడా ఈ డ్రిల్‌లోనే అలవాటవుతుంది.

కిక్‌తో ముందుకి దూసుకెళ్లాలని చూడకండి. తొడ కండరాలు పెద్దవి, ఆక్సిజన్ అంతా అవే తాగేస్తాయి. ఒక చేతికి ఒక కిక్ చాలు, అదీ కాళ్లు పైన నిలబడటానికే.

మోచెయ్యి_పైకి:
పైన చెప్పింది మూడు వారాలు చేశాకే చేతుల జోలికి వెళ్లండి. కాళ్లు మునిగి ఉన్నప్పుడు చేతులు సరిచేస్తే ఆ పని నిలవదు.

మీ అంకెల్లో ఒక విషయం ఉంది. లెంగ్తుకి దాదాపు 44 సెకన్లు, అందులో గోడ తన్నాక జారే 4 సెకన్లు తీసేస్తే 40 సెకన్లలో 28 స్ట్రోకులు. నిమిషానికి 42. అంటే చేతులు నెమ్మదిగా తిరుగుతున్నాయి, తిరిగినా నీరు చేతికి చిక్కట్లేదు. అదే నిదానంతో 24 స్ట్రోకులకి తేగలిగితే లెంగ్తు 38 సెకన్లు, 100 మీటర్లు సుమారు 2:35. ఒంటికి కొత్తగా ఒక్క చుక్క శ్రమ పెరగకుండానే 20 సెకన్లు తగ్గుతాయి. టెక్నిక్ ముందా, దూరం ముందా అన్నదానికి నా జవాబు ఇదే.

భుజం నొప్పికి రెండు కారణాలు చూసుకోండి. బొటనవేలు కిందికి పెట్టి చెయ్యి నీళ్లలో దించితే భుజం లోపలికి మెలి పడుతుంది. వేళ్ల కొసలు ముందు దిగాలి, అరచెయ్యి అడుగు వైపు చూడాలి. రెండోది, చెయ్యి తల ముందు నుంచి అవతలి పక్కకి దాటిపోవడం. ఊపిరి తీసుకునేటప్పుడు ముందున్న చెయ్యి ఇలా జారడం మరీ ఎక్కువ. కుడి చెయ్యి కుడి భుజానికి ఎదురుగా, రైలు పట్టా మీద ఉన్నట్టు ముందుకి వెళ్లాలి. మీకు మరీ వెడల్పుగా పెడుతున్నట్టు అనిపిస్తే దాదాపుగా సరిగ్గానే ఉందన్నమాట. సందేహంగా ఉంటే ఎవరినైనా ఎదుటి గోడ దగ్గర నిలబెట్టి ముందు నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకోండి, 25 మీటర్లు చాలు.

పట్టు విషయం: చెయ్యి దిగగానే అరచేత్తో నీటిని కిందికి నొక్కొద్దు. అలా నొక్కితే ఛాతీ లేస్తుంది, మళ్లీ కాళ్లు దిగుతాయి. మోచెయ్యి నీటి పైపొర దగ్గరే ఉంచి, వేళ్లని, ముంజేతిని మాత్రం కిందికి వంచండి. అప్పుడు వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా మొత్తం ఒకే తెడ్డు అవుతుంది, నీటిని వెనక్కి తోస్తుంది. దీనికి పిడికిలి డ్రిల్‌ని మించింది లేదు: 25 మీటర్లు పిడికిలి బిగించి, 25 మీటర్లు చెయ్యి తెరిచి. పిడికిలితో వెళ్తుంటే ముంజేయి వాడక తప్పదు, తెరిచినప్పుడు నీటి బరువు చేతికి తెలుస్తుంది. భుజం నొప్పి పూర్తిగా తగ్గేదాకా హ్యాండ్ ప్యాడిల్స్ (అరచేతులకి తగిలించుకునే ప్లాస్టిక్ పలకలు) ముట్టుకోవద్దు. ఫారం (ఈదే తీరు) మార్చినా రెండు వారాల్లో నొప్పి తగ్గకపోతే ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి.

చాలామంది కోచ్‌లు చేయించే క్యాచ్-అప్ డ్రిల్ మీకు వద్దంటాను. రెండు చేతులూ ముందు కలిసేదాకా ఆగడం అలవాటైతే ప్రతి స్ట్రోక్‌కీ వేగం చచ్చిపోయి మళ్లీ మొదటి నుంచి ఊపందుకోవాలి. అలల్లో ఆ ఆగడం ఇంకా నష్టం. స్ట్రోకుల లెక్క తగ్గించాలని జారుతూ ఉండిపోవడం కూడా ఇలాంటిదే.

పొద్దున్నే_పూల్:
క్యాచ్-అప్ గురించి కొంచెం తేడా ఉంది నాకు. చెయ్యి మధ్య గీత దాటేవాళ్లకి వార్మప్‌లో రెండు లెంగ్తులు చేయిస్తే ముందు చెయ్యి నిలకడగా ఉండటం తెలుస్తుంది. అదే మెయిన్ సెట్‌గా చేస్తే మీరన్న నష్టమే. కాబట్టి 50 మీటర్లకి మించొద్దు.

ఇంటర్వల్_సెట్:
దమ్ము సంగతి. ట్రయాథ్లెట్లు ఎక్కువగా చేసే పొరపాటు, పరుగులో లాంగ్ రన్‌లా పూల్‌లో కూడా రోజూ ఆగకుండా 1000 మీటర్లు కొట్టడం. ఆరో లెంగ్తుకే ఫారం చెదిరిపోతుంది, మిగతా 34 లెంగ్తులూ ఆ చెదిరిన ఈతనే ఒంటికి నేర్పిస్తారు. చిన్న ముక్కలు, తక్కువ విశ్రాంతి, ఒకే వేగం: ఈతలో దమ్ము ఇలా వస్తుంది.

మీ మూడు రోజులకి ఇలా పెట్టుకోండి.

మొదటి రోజు టెక్నిక్: 300 మెల్లగా. 8×50 (50 మీటర్లు ఎనిమిది సార్లు), అందులో సగం డ్రిల్, సగం మామూలు ఈత, ఒక్కోదాని తర్వాత 20 సెకన్లు. తర్వాత 12×50, ఒక్కోటి 1:27కి, 20 సెకన్లు ఆగుతూ. చివర 200 మెల్లగా. మొత్తం 1500, గంటలో పడుతుంది.

రెండో రోజు వేగం: 300 వార్మప్, 4×50 డ్రిల్, తర్వాత 8×100, ఒక్కోటి 2:55కి, మధ్యలో 20 సెకన్లు. ఇక్కడ అసలు పరీక్ష మొదటి వందే. ఒళ్లు తాజాగా ఉందని 2:40కి కొట్టేస్తే ఆరోది 3:10 అవుతుంది. మొదటిదీ ఎనిమిదోదీ మూడు సెకన్ల తేడాలో ఉండాలి. అది కుదిరాక వారానికి ఒక వంద కలుపుతూ 12 దాకా వెళ్లండి. తర్వాత విశ్రాంతి 15 సెకన్లకి తగ్గించండి.

మూడో రోజు దూరం: 100కి 3:05 నుంచి 3:10 మధ్య. మొదట 4×200, తర్వాత 3×300, 3×400, 2×600. పదో వారానికి 800, 600 కలిపి, పన్నెండు పదమూడు వారాలకి ఒకసారి ఆగకుండా 1500, ఆ తర్వాత ఒకసారి 1900. అంతకన్నా ఎక్కువసార్లు అక్కర్లేదు.

ప్రతి సెట్‌లోనూ ఒక లెంగ్తు స్ట్రోకులు లెక్కపెట్టండి. మొదలుపెట్టినప్పటికన్నా మూడు పెరిగితే ఆ రోజుకి ఆ సెట్ ఆపేయండి, మిగిలిన టైములో డ్రిల్స్ చెయ్యండి. నాలుగో వారం దూరం మూడో వంతు తగ్గించి, ఆ వారం చివర 400, 200 పరీక్ష మళ్లీ పెట్టుకుని కొత్త వేగం లెక్కగట్టండి. పాత 2:55నే పట్టుకుని కూర్చుంటే ఎదుగుదల ఆగిపోతుంది. చివరి రెండు వారాలు రోజులు తగ్గించొద్దు, దూరం సగం చెయ్యండి.

పిక్కలు పట్టేస్తున్నాయని అడగలేదు కానీ, లాంగ్ రన్ మర్నాడు పూల్‌కి వెళ్తే పట్టేసే అవకాశం ఎక్కువ. పాదాన్ని బలవంతంగా చాచి బిగించడం, గోడని గట్టిగా తన్నడం కారణాలు. పాదం వదులుగా ఉంచండి. లాంగ్ రన్‌కి ముందు రోజు ఈత పెట్టుకోండి.

రుషికొండ_ఈత:
సముద్రం మాట ఎవరూ ఎత్తలేదు. గోవా ఈత మిరామార్ బీచ్‌లో, మాండవి నది అరేబియా సముద్రంలో కలిసే చోటుకి దగ్గర. నీళ్లు మడ్డిగా ఉంటాయి, పూల్ అడుగున ఉండే నల్ల గీత కనపడదు. నిబంధనల ప్రకారం సాధారణ పోటీదారులకి నీటి వేడి 24.5 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ (ఒంటికి అంటుకుని ఉండే రబ్బరు సూట్) పనికిరాదు, గోవా నీళ్లు అంతకన్నా చాలా వెచ్చన. కాబట్టి కాళ్లని తేల్చిపెట్టే సూట్ ఉండదు. పుల్ బాయ్ (కాళ్లు తేలడానికి తొడల మధ్య పెట్టుకునే ఫోమ్ ముక్క) పెట్టుకుని హాయిగా ఈదే అలవాటు ఇప్పటి నుంచే తగ్గించుకోండి. ఉప్పునీరు కొంచెం పైకి తేలుస్తుంది కానీ దాన్నే నమ్ముకోవద్దు.

దారి తప్పడం ఎంత ఖరీదో చూడండి. 3:10 వేగంతో 1900 మీటర్లు 60 నిమిషాల 10 సెకన్లు. వంకరటింకరగా వెళ్లి 10 శాతం ఎక్కువ ఈదితే 66 నిమిషాలు దాటుతుంది. అందుకే సైటింగ్, అంటే ఈదుతూనే తల కాస్త ఎత్తి దారి చూసుకోవడం, పూల్‌లోనే నేర్చుకోవాలి. ముందు చెయ్యి నీటిని పట్టే క్షణంలో కళ్లు మాత్రమే నీటిపైకి రావాలి, నోరు రాకూడదు. బాయ్ (దారి చూపడానికి నీళ్ల మీద తేలే గుర్తు) చూశాక తల పక్కకి తిప్పి ఊపిరి తీసుకోండి. చూడటం, పీల్చడం ఒకేసారి చేస్తే తల ఎత్తుగా లేచి కాళ్లు మునుగుతాయి. నీళ్లు ప్రశాంతంగా ఉంటే 8, 10 స్ట్రోకులకోసారి చూస్తే చాలు. అలలుంటే అల మీదికి లేచినప్పుడే చూడండి, పల్లంలో ఉన్నప్పుడు కనపడేది నీళ్లే. ఎడమ వైపు ఊపిరి ఇక్కడే అక్కరకొస్తుంది: అలలు కుడి నుంచి వస్తుంటే అటు నోరు తెరిస్తే ఉప్పునీళ్లు తాగాల్సిందే.

మొదటి 200 మీటర్లు గుంపుకి ఓ పక్కన, కావాలని మెల్లగా వెళ్లండి. గుండె దడ పుడితే వెల్లకిలా తిరిగి తేలుతూ నాలుగైదుసార్లు పూర్తిగా ఊపిరి వదలండి. కాపలాకి ఉండే చిన్న పడవని, అంటే కయాక్‌ని, పట్టుకుని ఆగొచ్చు, అది ముందుకి కదలనంతవరకు నిబంధనలు ఒప్పుకుంటాయి. ముందున్నవాళ్ల పాదాల వెనక ఈదడం కూడా అనుమతే, శ్రమ బాగా తగ్గుతుంది. మెడ, చంకల దగ్గర వాజిలిన్ రాసుకోండి, లేకపోతే ఉప్పు ఒరిపిడికి తోలు లేస్తుంది. గాగుల్స్ ముట్టుకునేముందు మాత్రం చేతులు తుడుచుకోండి.

ప్రాక్టీస్‌కి ఒంటరిగా సముద్రంలోకి దిగొద్దు. వైజాగ్ ఆర్‌కే బీచ్‌లో సముద్రం లోపలికి లాక్కెళ్లే ప్రవాహాలు ప్రాణాలు తీస్తాయి, ఈత వచ్చినవాళ్లని కూడా. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలంలో బంగాళాఖాతం ఇంకా ప్రమాదం. గ్రూపుతో, కయాక్ తోడుండగా, నడుముకి రంగు ఫ్లోట్ కట్టుకునే వెళ్లండి. ప్రవాహం లాగితే దానికి ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడండి. క్వారీ గుంతలు, సాగర్ కాలువలు అసలు వద్దు.

లేన్_చివర:
అందరికీ చాలా థ్యాంక్స్. బుడగలతోనే మొదలుపెడతాను. ఒకటే సందేహం, టంబుల్ టర్న్ (గోడ దగ్గర నీళ్లలో పల్టీ కొట్టి తిరగడం) నేర్చుకోవాలా?

ఇంటర్వల్_సెట్:
అక్కర్లేదు. చేత్తో గోడ తాకి తిరిగితే చాలు, కాకపోతే అక్కడ ఆగి ఊపిరి తీసుకునే అలవాటు మానాలి. 25 మీటర్ల పూల్‌లో 1900 అంటే 75 సార్లు గోడ దొరుకుతుంది, సముద్రంలో ఒక్కటీ ఉండదు. మూడో రోజు సెట్‌లో చివరి 200 మీటర్లు గోడకి రెండు మీటర్ల ముందే, దాన్ని ముట్టుకోకుండా తిరగండి. 100కి 5 నుంచి 10 సెకన్లు పెరుగుతాయి. గోవాకి మీ వేగం వేసుకునేటప్పుడు ఆ టైమునే లెక్కలోకి తీసుకోండి.