బ్యాంకాక్ శివారులో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం: ముందు గది చూసుకోవాలా, కాగితాలు చూసుకోవాలా?

ప్రశ్న — గుంటూరు టీచర్

అందరికీ నమస్కారం. నేను గుంటూరులోని ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తున్నాను. ఎం.ఏ., బి.ఎడ్. చేశాను. బ్యాంకాక్‌ను ఆనుకుని ఉన్న నోంథబురిలో, బాంగ్ యై ప్రాంతంలోని ఒక బడిలో ఉద్యోగం ఇస్తామని ఒక నియామక సంస్థ చెప్పింది. మే నెలలో బడులు తెరిచే నాటికి చేరాలట. మొదట నేను ఒక్కదాన్నే వెళ్తాను, మా వారూ పాపా దసరా సెలవుల తరువాత వస్తారు. బ్యాంకాక్ నగరంలోని సుఖుంవిత్ వైపు భారతీయులు ఎక్కువగా ఉంటారు కనుక అక్కడే ఒక గదికి ఇప్పుడే అడ్వాన్సు పంపమని బంధువులు చెబుతున్నారు. సంస్థవారేమో ముందు టూరిస్టుగా వచ్చేయమనీ, వీసా సంగతి వచ్చాక చూసుకోవచ్చనీ అంటున్నారు. ఈ రెండు సలహాలూ నాకు మనసుకు ఎక్కడం లేదు. మేము శాకాహారులం, గుడ్డు కూడా తినము. అక్కడ పనిచేసినవారు ఎవరైనా దారి చూపగలరు.

జవాబు — నోంథబురి నివాసి

నమస్కారం మేడమ్. మీ మనసు చెప్పినదే సరైనది. రెండు సలహాలనూ పక్కన పెట్టండి.

ముందు వీసా మాట. బోధించడానికి ఉద్యోగుల కోసం ఇచ్చే నాన్-ఇమిగ్రంట్ బి వీసా కావాలి, దానితోపాటు వర్క్ పర్మిట్ కావాలి. పర్మిట్ చేతికి రాకుండా తరగతిలో అడుగుపెడితే అది చట్టవిరుద్ధమైన పని అవుతుంది, పట్టుబడితే ఇబ్బంది పడేది మీరే. బడి నుంచి కాగితాలు తెప్పించుకుని, గుంటూరు నుంచే ఆన్‌లైన్‌లో ఈ-వీసాకు దరఖాస్తు చేసి, ఆ వీసా మీదే విమానం ఎక్కండి. దానిపై మొదట 90 రోజుల బస ఇస్తారు, ఆ లోపు బడివారు మీ బసను ఏడాదికి పొడిగింపజేస్తారు. డిగ్రీ పట్టా, మార్కుల జాబితాలు, పాస్‌పోర్టు సేవా కేంద్రం ఇచ్చే పోలీసు ధ్రువీకరణ ఇప్పుడే సిద్ధం చేసుకోండి. పట్టాకు రాష్ట్ర విద్యాశాఖ, ఆపై విదేశాంగ శాఖ, ఆ తరువాత థాయి కార్యాలయం ముద్రలు కావాలా అన్నది బడివారిని రాతపూర్వకంగా అడగండి. ఈ ముద్రల పని ఇక్కడికి వచ్చాక చేయించాలంటే ఊరుకాని ఊరిలో తల ప్రాణం తోకకు వస్తుంది. మనవారిని ఇక్కడ ఇంగ్లీషు మాతృభాషగా గలవారి లెక్కలో చేర్చరు కనుక టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్షలో కనీసం 600 మార్కులు చూపమంటారు. మీకది కష్టం కాదు, కానీ ధ్రువపత్రం ఉండాలి. ఉపాధ్యాయ మండలి అయిన ఖురుసఫా లైసెన్సు సంగతి వేరు. అది లేనివారికి తాత్కాలిక అనుమతి కోసం బడివారే దరఖాస్తు చేస్తారు, అందులో మీ బి.ఎడ్. అక్కరకు వస్తుంది.

ఇక ఇల్లు. సుఖుంవిత్ నగరానికి ఒక వైపు, బాంగ్ యై మరొక వైపు. బాంగ్ యై నుంచి పర్పుల్ లైన్ మెట్రోలో తావ్ పూన్ వరకు వచ్చి, అక్కడ బ్లూ లైన్‌కు మారితే తప్ప సుఖుంవిత్ చేరలేరు. ఎనిమిది గంటలకు జెండా ఎగరేసి జాతీయగీతం పాడే వేళకు ఉపాధ్యాయులు మైదానంలో ఉండాలి, చాలా బడుల్లో ఏడున్నరకే వేలిముద్ర వేయాలి. వర్షాకాలంలో ఆ ప్రయాణం రోజూ చేస్తే జూలై నాటికే విసుగు పుడుతుంది. పర్పుల్ లైన్ స్టేషన్లకు నడిచి వెళ్లగల దూరంలో, బడికి పది పదిహేను నిమిషాలలో చేరేలా చూసుకోండి. మనవాళ్లను ఆదివారాలు కలవవచ్చు.

దూరం నుంచి అడ్వాన్సు ఎవరికీ పంపవద్దు. ఇక్కడ సాధారణంగా రెండు నెలల అద్దె డిపాజిట్‌గా, ఒక నెల అద్దె ముందుగా అడుగుతారు. మొదటి వారానికి బడి దగ్గర చిన్న గెస్ట్‌హౌస్ తీసుకుని, కళ్లారా చూశాకే చెల్లించండి. ఒప్పందంలో కరెంటు యూనిట్ ధర ఎంత రాశారో వెతికి చదవండి. అపార్టుమెంట్లలో యజమానులు యూనిట్‌కు ఏడెనిమిది బాత్‌లు వసూలు చేయడం మామూలే, ఇది ప్రభుత్వ ధరకు దాదాపు రెట్టింపు. కాండోలో, అంటే ఒక్కో ఫ్లాటుకు వేరే యజమాని ఉండే భవనంలో, అయితే బిల్లు నేరుగా విద్యుత్ సంస్థ నుంచి వస్తుంది, సెవెన్-ఇలెవెన్ దుకాణంలో కట్టేయవచ్చు. ఏసీ లేకుండా నిద్రపట్టని ఊరిలో ఈ తేడా చిన్నది కాదు. మరొక ముఖ్యమైన షరతు: మీరు ఇంట్లో దిగిన 24 గంటల్లోగా విదేశీయురాలు తన ఇంట్లో ఉన్నట్టు యజమాని ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి. ఆ టీఎం 30 రసీదు లేకపోతే వీసా పొడిగింపు దగ్గర చిక్కు వస్తుంది. "మీరే చూసుకోండి" అనే యజమాని ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి.

ఆ తరువాత 90 రోజులకొకసారి చిరునామా నమోదు ఉంటుంది. గడువుకు 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తరువాత వరకు చేసుకోవచ్చు. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా దేశం దాటితే మీ బస అనుమతి అక్కడితో రద్దవుతుంది. దీన్ని మాత్రం మరువకండి.

జవాబు — తరగతి గది

పైన చెప్పినవన్నీ సరే, తరగతిలో ఎదురయ్యేది కూడా కొంచెం చెబుతాను, ఎందుకంటే ఊరికి అలవాటు పడటమంటే అసలు పిల్లలకు అలవాటు పడటమే. గదికి నలభై మంది దాకా ఉంటారు, ఇది మనకు కొత్త కాదు. కొత్తది ఉచ్చారణ. థాయి భాషలో మాట చివర వచ్చే హల్లులు చాలా తక్కువ రకాలు. అందుకే పిల్లలు "బస్"ను "బత్" అనీ, "ఫుట్‌బాల్"ను "ఫుట్‌బాన్" అనీ పలుకుతారు. మన నోరు దీనికి సరిగ్గా ఎదురు దారిలో పోతుంది, మనం చివర ఒక అచ్చు తగిలించి "బస్సు" అంటాం. వారు చివరి ధ్వనిని మింగేస్తే మనం దానికి తోక పెడతాం. మొదటి వారాల్లో మీ పలుకును రికార్డు చేసి వినండి, చివరి హల్లు దగ్గర ఆగడం సాధన చేయండి. మాతృభాషీయులే కావాలనే ప్రకటనలూ, అదే పనికి మనకు తక్కువ జీతమూ ఇక్కడ ఉన్నాయి, అది అన్యాయమే. కానీ పిల్లల ముందు ఆ చర్చకు తావివ్వనిది మీ పాఠమే.

పిల్లలు చేతులు జోడించి "వై" చేసినప్పుడు తల పంకించి చిరునవ్వు నవ్వితే చాలు, వారికంటే కిందికి వంగి జోడించనక్కరలేదు. ప్రేమతోనైనా తల నిమరవద్దు, కాలు ఎవరి వైపూ చాపవద్దు. చాలా బడుల్లో సోమవారం పసుపు రంగు వేసుకుంటారు, అది రాజు పుట్టిన వారపు రంగు. జూన్‌లో ఒక గురువారం జరిగే "వై ఖ్రూ" నాడు పిల్లలు పూల అమరికలతో మోకాళ్ల మీద వచ్చి గురువులకు నమస్కరిస్తారు. మన గురుపూజోత్సవంలా ఉపన్యాసాలతో గడిచిపోయేది కాదు, ఆ రోజు తప్పక వెళ్లండి.

జవాబు — శాకాహారి

భోజనం గురించి క్లుప్తంగా. "మాంసం వద్దు" అంటే సరిపోదు, చేపల నుంచి తీసిన నామ్ ప్లా అనే సాసు అన్నింటిలోనూ పడుతుంది, కూర ముద్దల్లో రొయ్యల పేస్టు ఉంటుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" (శుద్ధ శాకాహారం) అని రాసిన బండి దగ్గర నిర్భయంగా తినండి, అక్కడ గుడ్డు, వెల్లుల్లి కూడా ఉండవు. కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ కావాలంటే బ్యాంకాక్‌లోని భారతీయుల బజారు ఫాహురాత్‌కు వెళ్లండి, బ్లూ లైన్‌లో సామ్ యోత్ స్టేషన్ దగ్గర దిగాలి. సీలోమ్‌లోని మారియమ్మన్ గుడి వద్ద నవరాత్రులు ఘనంగా జరుగుతాయి.

ఇంకొక మాట. థాయిలాండ్ ఉద్యోగమని పిలిచి, మే సోట్ సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల శిబిరాలకు తరలించిన ఉదంతాల్లో తెలుగువారూ ఉన్నారు. 2025 మార్చిలో వందల మంది భారతీయులను వాయుసేన విమానాల్లో మే సోట్ నుంచే తీసుకొచ్చారు. మీ బడికి నేరుగా ఫోన్ చేసి, మీ పేరుతో నియామకం ఉందా అని అడిగాకే టికెట్టు కొనండి.

ప్రశ్నించినవారు — గుంటూరు టీచర్

అందరికీ ధన్యవాదాలు. బడికి ఫోన్ చేశాను, నియామకం నిజమే. అయితే ఒప్పందం పది నెలలకే ఉంది, దాని మీద సంవత్సరం 2569 అని ఉంది. ఇందులో భయపడవలసినది ఏదైనా ఉందా?

జవాబు — నోంథబురి నివాసి

సంవత్సరానికి భయం లేదు, అది బౌద్ధ శకం. 543 తీసేస్తే 2026 వస్తుంది. పది నెలల సంగతే అసలైనది. సంస్థల ద్వారా చేరినవారికి మార్చి తరువాతి వేసవి సెలవులకు చాలాచోట్ల జీతం ఉండదు, పైగా ఉద్యోగం ముగిసిన రోజుతోనే ఆ ఉద్యోగం మీద ఇచ్చిన బస అనుమతీ ముగుస్తుంది. మీ వారు, పాప మీ మీద ఆధారపడిన వీసాతో వస్తారు కాబట్టి వారి అనుమతి కూడా దానితోనే పోతుంది. పన్నెండు నెలలకు రాసివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే ఈ ఏడాదికి ఒక్కరే వెళ్లండి, అక్టోబరు విరామంలో నేరుగా నియమించుకునే బడులను వెతకండి. పాపను మాత్రం రెండో ఏడాది మేలో చేర్పించడం మేలు.