అప్‌డేట్: స్టెఫనీ క్వోలెక్ గురించే చెప్పాను

పరిశ్రమలో పరిశోధన చేసే కెమిస్టు జీవితం పదో తరగతి పిల్లలకు చెప్పాలి, ఎవరిని ఎంచుకోమంటారు అని అడిగాను కదా. మీలో చాలామంది క్వోలెక్ పేరు చెప్పారు. అందరికీ థాంక్స్, నిన్న క్లాసు అయింది.

డాక్టరు చదువుకు డబ్బు కూడబెట్టుకుందామని ఆమె 1946లో అమెరికాలోని డూపాంట్ కంపెనీలో చేరారు. పని మీద ఇష్టం పెరిగి 1986లో రిటైరయ్యేదాకా అక్కడే ఉండిపోయారు.

పిల్లలు చెవులు రిక్కించి విన్నది మాత్రం 1965 నాటి సంగతి. టైర్లకు తేలికైన, గట్టి దారం కోసం వెతుకుతుంటే, చిక్కగా ఉండాల్సిన పాలిమర్ (గొలుసుల్లాంటి పొడవాటి అణువులున్న పదార్థం) ద్రావణం పల్చగా, మజ్జిగలా వచ్చింది. దారం తీసే యంత్రం చూసే ఆయన సన్నటి రంధ్రాలు పూడుకుపోతాయని ససేమిరా అన్నారు. ఆమె పట్టు వదల్లేదు. చివరికి తీయిస్తే ఆ దారం నైలాన్ తెగేచోట కూడా తెగలేదు! బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్ అనే దారానికి అదే దారి తీసింది. బరువుకు బరువు చూస్తే ఉక్కుకు ఐదు రెట్ల బలం. "పారబోసి ఉంటేనో?" అని ఓ అమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న!

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పమన్నవాళ్లకు: లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన నడిపించిన పరిశోధనల గురించి వచ్చే నెల చెబుతున్నాను.